తుపాకీ ఏ దారిన చేతికి వచ్చింది? సామూహిక కాల్పుల తర్వాత తప్పు ఎవరిదో తేల్చడం ఎందుకంత కష్టం

2021 జులైలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో ఫెడరల్ కోర్టు ఒక ఊచకోతకు బాధ్యతను శాతాల్లో పంచింది. చర్చిలో 26 మందిని కాల్చి చంపినవాడి వాటా 40 శాతం. ఆ రోజు ఆ ఊరి దరిదాపుల్లో కూడా లేని అమెరికా వైమానిక దళం వాటా 60 శాతం. తుపాకీ పేల్చినవాడికన్నా కాగితం పంపనివాళ్ల తప్పు ఎక్కువ ఎలా అవుతుందని చాలామంది నోరెళ్లబెట్టారు.

కోర్టు అలా ఎందుకు తేల్చిందో అర్థమైతే, అమెరికాలో ప్రతి కాల్పుల ఘటన తర్వాతా మొదలయ్యే వాదులాటలో సగం చిక్కు విడిపోతుంది. ఒక పక్షం తుపాకులదే తప్పంటుంది. రెండో పక్షం మనిషిదే తప్పంటుంది. ఆ తుపాకీ ఆ మనిషి చేతికి ఏ దారిన వచ్చింది, దారిలో ఎవరు ఆపాలి, ఎందుకు ఆపలేదు అన్నది ఇద్దరూ అడగరు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో జరిగింది

2017 నవంబర్ 5, ఆదివారం. శాన్ ఆంటోనియోకి తూర్పున, కొన్ని వందల మంది ఉండే సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో బాప్టిస్టు చర్చి ప్రార్థన జరుగుతోంది. చనిపోయిన 26 మందిలో తల్లి కడుపులోని బిడ్డను కూడా అధికారులు లెక్కించారు. 30 తూటాలు పట్టే ఖాళీ మ్యాగజైన్లు 15 అక్కడ దొరికాయి.

కాల్చినవాడు ఒకప్పుడు వైమానిక దళ ఉద్యోగి. 2012లో న్యూ మెక్సికోలోని హాలమన్ స్థావరంలో ఉండగా భార్యను, ఆమె పసికొడుకును కొట్టినందుకు సైనిక న్యాయస్థానం అతన్ని దోషిగా తేల్చింది. బిడ్డ పుర్రె ఎముక విరిగింది. అతనికి ఏడాది నిర్బంధం విధించి, తర్వాత ఉద్యోగం నుంచి సాగనంపారు. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం, ఏడాదికి మించి జైలు పడదగిన నేరంలో దోషి అయినవాడు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. 1996లో చేసిన మరో సవరణ ప్రకారం, ఇంట్లోవాళ్లపై దాడి చిన్న నేరంగా నమోదైనా నిషేధం తప్పదు. అయినా అతను 2014 నుంచి 2017 మధ్య నాలుగు తుపాకులు కొన్నాడు. రెండు కొలరాడోలో, రెండు టెక్సాస్‌లో. దొంగచాటు బేరాలు కావు, లైసెన్సు ఉన్న దుకాణాల్లోనే కొన్నాడు.

అదెలా సాధ్యమో తెలియాలంటే దుకాణంలో ఏం జరుగుతుందో చూడాలి. కొనేవాడు 4473 అనే ఫారం నింపి సంతకం చేస్తాడు. ఎప్పుడైనా శిక్ష పడిందా, మత్తుమందులు వాడతావా, కుటుంబ హింస కేసు ఉందా, ఏ వీసా మీద ఉన్నావు వంటి ప్రశ్నలు అందులో ఉంటాయి. డీలరు ఫొటో గుర్తింపు కార్డు చూసి, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే తనిఖీ వ్యవస్థకు ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో వివరాలు పంపుతాడు. 1998 నవంబర్ నుంచి నడుస్తున్న ఈ వ్యవస్థ మూడు డేటాబేసుల్లో వెతుకుతుంది. ఒక దాంట్లో వారంట్లు, రక్షణ ఉత్తర్వులు ఉంటాయి. ఇంకో దాంట్లో నేరచరిత్ర ఉంటుంది. మూడోది తుపాకీ కొనకూడనివాళ్ల ప్రత్యేక జాబితా. చాలా సందర్భాల్లో నిమిషాల్లో జవాబు వస్తుంది: అమ్మవచ్చు, ఆగు, అమ్మకూడదు. ఈ మూడింటిలో ఒకటి.

ఫారంలో అబద్ధం రాయడం పదేళ్ల దాకా జైలు పడే నేరం. కానీ దాని మీద పెట్టే కేసులు బహు తక్కువ. 2017 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ తనిఖీలో తిరస్కరణ పొందినవి సుమారు 1,12,000. వాటిలో దర్యాప్తు కోసం క్షేత్ర కార్యాలయాలకు వెళ్లినవి దాదాపు 12,700. మరుసటి ఏడాది జూన్ నాటికి ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కేసు నడిపినవి 12. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2018లో ఈ లెక్క బయటపెట్టింది. అంటే ఫారంలో కొనేవాడి మాట మీద ఎవరూ ఆధారపడరు. ఆధారమంతా డేటాబేసులో ఉన్న రికార్డు. ఆ రికార్డు అక్కడ లేకపోతే తనిఖీకి కళ్లు లేనట్టే.

సదర్లాండ్ స్ప్రింగ్స్ హంతకుడి రికార్డు అక్కడ లేదు. సైనికుడి మీద నేరారోపణకు తగిన ఆధారం ఉందని తేలగానే వేలిముద్రల కార్డు, కేసు ముగిశాక తుది ఫలితం నివేదిక ఎఫ్‌బీఐకి పంపాలని సైన్యం నిబంధనలే చెబుతున్నాయి. వేలిముద్రలు పంపడానికి నాలుగు సందర్భాలు, తుది నివేదిక పంపడానికి రెండు సందర్భాలు చేజారాయని రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2018 డిసెంబర్‌లో తేల్చారు.

ఇది ఒక్క స్థావరంలో ఒక్క గుమాస్తా మరుపు కాదు. 1997లోనే అదే కార్యాలయం తనిఖీ చేస్తే ఆర్మీ, నౌకాదళం 80 శాతానికి పైగా కేసుల్లో వేలిముద్రలు పంపలేదని, వైమానిక దళం 38 శాతం కేసుల్లో పంపలేదని బయటపడింది. 2015లో మరో నివేదిక ఇదే చెప్పింది. ఇరవై ఏళ్లు హెచ్చరిస్తూనే ఉన్నారు. నన్ను అడిగితే ఈ కేసులో అన్నిటికన్నా కోపం తెప్పించే భాగం ఇదే. ఇక్కడ కొత్త చట్టం అవసరమే లేదు, తుపాకీ హక్కుల సంఘాలు కూడా వ్యతిరేకించని నిబంధన ఒకటి ముందే ఉంది. దాన్ని అమలు చేయడానికి ఒక కార్డు పంపితే చాలు.

60 శాతం ఎక్కడి నుంచి వచ్చింది

నేర బాధ్యత వేరు, నష్టపరిహార బాధ్యత వేరు. మన వార్తా చర్చల్లో ఈ రెండూ కలగాపులగం అవుతాయి. నేర విచారణ అడిగేది ఎవడు చంపాడని. దానికి జవాబు ఒక్కడే. సివిల్ దావా వేరే సంగతి అడుగుతుంది: ఎవరి మీద ఏ విధి ఉంది, దాన్ని వాళ్లు నిర్వర్తించి ఉంటే ఈ నష్టం జరిగేదా, ఇలా జరగవచ్చని వాళ్లు ముందే ఊహించగలిగేవారా. దీనికి ఒకరికన్నా ఎక్కువ మంది జవాబుదారీ కావచ్చు. ఒకరి తప్పు పెరిగినంత మాత్రాన ఇంకొకరి నేరం తగ్గిపోదు. ఈ సంగతి గుర్తుంటే 60, 40 అన్న అంకెలు హంతకుడికి ఇచ్చిన మినహాయింపులా కనిపించవు.

సాధారణంగా అమెరికా ప్రభుత్వం మీద దావా వేయలేరు. 1946 నాటి ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం కొంత దారి ఇచ్చింది. అయితే జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కరే తేలుస్తారు. శిక్షగా వేసే అదనపు పరిహారం కూడా ఉండదు. జడ్జి హేవియర్ రోడ్రిగెజ్ ముందు బాధితుల వాదన సూటిగా సాగింది. ఈ మనిషి ఎంత హింసకు తెగించగలడో అతని తల్లిదండ్రులకన్నా వైమానిక దళానికే ఎక్కువ తెలుసని వాళ్లన్నారు, జడ్జి ఒప్పుకున్నారు.

శాతానికి ఇంకో బరువుంది. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రతివాది వాటా 50 శాతం దాటితే మొత్తం నష్టపరిహారానికీ అతనే జవాబుదారీ అవుతాడు, తన వాటా మేరకే కాదు. హంతకుడు చనిపోయాడు, అతని దగ్గర రాబట్టడానికి ఏమీ లేదు. కాబట్టి 45కీ 60కీ మధ్య తేడా బాధిత కుటుంబాలకు కేవలం అంకెల తేడా కాదు. 2022 ఫిబ్రవరిలో కోర్టు 23 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లి, చివరికి 2023 ఏప్రిల్‌లో 14 కోట్ల 45 లక్షల డాలర్లకు రాజీపడింది.

ఈ కేసులో న్యాయ శాఖ వినిపించిన వాదన ఒకటి చెప్పి తీరాలి. నిక్స్ అడ్డుకున్నా అతను వేరే దారిలో తుపాకీ సంపాదించి ఉండేవాడని ప్రభుత్వ న్యాయవాదులు వాదించారు. బయట వేదికల మీద తనిఖీలు ప్రాణాలు కాపాడతాయని చెప్పే ప్రభుత్వమే, కోర్టులో డబ్బు కట్టాల్సి వచ్చేసరికి తనిఖీ వల్ల ఏమీ ఆగదంది. తుపాకీ నియంత్రణ కోరే సంఘాలు దీన్ని గట్టిగా తప్పుబట్టాయి, ఆ తప్పుబట్టడం న్యాయమే. జడ్జి మాత్రం సాక్ష్యం చూసి, అడ్డుకుని ఉంటే అతను వెనక్కి తగ్గే అవకాశమే ఎక్కువని తేల్చారు. నాలుగుసార్లూ అతను లైసెన్సు దుకాణానికే వెళ్లాడన్నది గుర్తుంచుకోవాలి.

అమ్మినవాడు, తయారుచేసినవాడు

ఆ రైఫిల్‌ను అమ్మిన క్రీడా సామగ్రి దుకాణం మీద కూడా కుటుంబాలు దావా వేశాయి. కొన్నవాడు కొలరాడో చిరునామా ఇచ్చాడు. పరాయి రాష్ట్రంవాడికి రైఫిల్ అమ్మాలంటే రెండు రాష్ట్రాల చట్టాలకూ అది సరిపోవాలి. కొలరాడోలో 15 తూటాలకు మించిన మ్యాగజైన్ నిషేధం, ఈ రైఫిల్ పెట్టెలో 30 తూటాల మ్యాగజైన్ ఉంది. వినడానికి గట్టి వాదనే. 2021 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు కొట్టేసింది. ఫెడరల్ చట్టం నిర్వచనంలో తుపాకీ వేరు, మ్యాగజైన్ వేరు. నిబంధన తుపాకీ అమ్మకానికే వర్తిస్తుంది కాబట్టి దుకాణానికి రక్షణ ఉంటుందని చెప్పింది.

ఆ రక్షణ ఇచ్చింది 2005లో వచ్చిన ఆయుధ వ్యాపార రక్షణ చట్టం. చట్టబద్ధంగా అమ్మిన తుపాకీతో మూడో మనిషి నేరం చేస్తే తయారీదారు, డీలర్ల మీద దావా నడవకూడదని దాని సారం. సందులు కొన్ని ఉన్నాయి. అమ్మకం లేదా ప్రచారంలో కంపెనీ ఏదైనా చట్టాన్ని తెలిసే ఉల్లంఘించి ఉంటే దావా నిలుస్తుంది. 2012 డిసెంబర్‌లో కనెటికట్‌లోని శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయిన ఘటనలో కుటుంబాలు ఆ సందులోంచే వెళ్లాయి. రైఫిల్‌కు చేసిన ప్రచారం రాష్ట్ర వాణిజ్య చట్టానికి విరుద్ధమని వాదించాయి. ఆ రైఫిల్ తయారీదారు రెమింగ్టన్‌కు బీమా ఇచ్చిన కంపెనీలు 2022లో 7 కోట్ల 30 లక్షల డాలర్లు ఇచ్చి రాజీకి వచ్చాయి. దీన్ని చూసి ఇక తుపాకీ కంపెనీలన్నీ కోర్టులో జవాబు చెప్పాల్సి వస్తుందని ఆశించినవాళ్లున్నారు. 2025 జూన్‌లో తుపాకీ కంపెనీల మీద మెక్సికో ప్రభుత్వం వేసిన దావాను అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టివేయడంతో ఆ దారి ఎంత ఇరుకో తెలిసింది.

హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

సదర్లాండ్ స్ప్రింగ్స్ ఘటనలోనే మనిషిదే తప్పనే రెండో పక్షానికి అత్యంత బలమైన ఉదాహరణ కూడా ఉంది. చర్చి దగ్గర్లో ఉండే ఒక ప్లంబరు, తుపాకీ హక్కుల పెద్ద సంఘం ఎన్‌ఆర్‌ఏలో ఒకప్పటి శిక్షకుడు, కాల్పుల చప్పుడు విని తన ఏఆర్-15 రైఫిల్ తీసుకుని వచ్చి హంతకుడిని గాయపరిచాడు. ఆ తర్వాతే అతను పారిపోయాడు. అదే జాతి రైఫిల్ 26 ప్రాణాలు తీసింది, అదే జాతి రైఫిల్ ఇంకా పోకుండా ఆపింది. రెండూ నిజం. రెండేళ్లకు, 2019 డిసెంబర్‌లో, టెక్సాస్‌లోనే వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో సాయుధ కాపలా స్వచ్ఛంద సేవకుడు ఆరు సెకన్లలో దుండగుణ్ణి కూల్చాడు. ఆ ఆరు సెకన్లలోనే ఇద్దరు చనిపోయారు. సాయుధుడైన మంచివాడు నష్టాన్ని తగ్గించగలడు. మొదటి తూటాను ఆపడం మాత్రం అతని చేతిలో ఉండదు.

మన దేశంలో పెరిగినవాళ్లు తరచూ అడిగేది నిషేధించేస్తే సరిపోదా అని. 1959 ఆయుధాల చట్టం కింద మన దగ్గర తుపాకీ ఒక అనుమతి. అవసరం ఎందుకో దరఖాస్తుదారుడు చూపాలి, పోలీసు నివేదిక రావాలి, కలెక్టరో పోలీసు కమిషనరో ఇవ్వాలి. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారుడికి రెండుకు మించి ఉండకూడదు. అమెరికాలో బరువు ప్రభుత్వం మీద ఉంటుంది. 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో ఇంకో మెట్టెక్కి, తుపాకీ ఆంక్ష ఏదైనా ఆ దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణమని ప్రభుత్వమే నిరూపించాలంది. ఆ సవరణ మార్చాలంటే ఉభయసభల్లో మూడింట రెండొంతులు, 50లో 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. కనుచూపు మేరలో అది జరగదు.

అయితే ఈ హక్కుకు హద్దులు లేవనుకోవడం కూడా పొరపాటే. నేరస్థులకు నిషేధం, పాఠశాలల వంటి చోట్ల నిషేధం నిలుస్తాయని హెల్లర్ తీర్పే సూచించింది. 2024 జూన్‌లో రహీమీ కేసులో, కుటుంబ హింస రక్షణ ఉత్తర్వు ఉన్నవాడి నుంచి తుపాకీ తీసేయవచ్చని 8-1తో తేల్చింది. అదే నెలలో 2017 లాస్ వెగాస్ కాల్పుల తర్వాత తెచ్చిన బంప్ స్టాక్ (రైఫిల్‌ను మెషిన్ గన్‌లా వేగంగా పేల్చే పరికరం) నిషేధాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు హక్కు గురించి కాదు, మెషిన్ గన్ నిర్వచనంలోకి ఆ పరికరం రాదన్నది మాత్రమే. అమెరికా చట్టసభ కాంగ్రెస్ కొత్త చట్టం చేస్తే నిషేధించవచ్చు.

ఏఆర్-15 వంటి రైఫిళ్ల నిషేధం ఒకసారి జరిగింది కూడా, 1994 నుంచి 2004 దాకా. ఆ చట్టం విడి మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌ను పిస్టల్ పట్టు, జ్వాలను అణిచే గొట్టం, బాయొనెట్ బిగించే కొక్కెం వంటివి రెండు ఉంటే నిషేధించింది. తయారీదారులు ఒకటి రెండు తీసేసి అవే తుపాకులు అమ్మారు. అప్పటికే జనం దగ్గరున్న పెద్ద మ్యాగజైన్లను చట్టం ముట్టలేదు. రూపాన్ని బట్టి నిర్వచిస్తే రూపం మారుతుంది. మళ్లీ అలాంటి చట్టం రాసేవాళ్లు మ్యాగజైన్‌లో పట్టే తూటాల సంఖ్య మీద పట్టు బిగించాలి తప్ప పిడి ఆకారం మీద కాదు.

దారులు నాలుగు, చికిత్సలు వేర్వేరు

సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో రికార్డు చేరలేదు. 2018 మార్చిలో వచ్చిన ఫిక్స్ నిక్స్ చట్టం దానికి మందు. ఫెడరల్ శాఖలు రికార్డులు పంపుతున్నాయో లేదో ఏడాదికి రెండుసార్లు ధ్రువీకరించాలి.

2015 జూన్‌లో దక్షిణ కరొలైనాలోని చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి విషయంలో రికార్డు ఉంది, సమయం చాలలేదు. నిక్స్ ఆగమన్నాక మూడు పనిదినాల్లో తుది జవాబు రాకపోతే డీలరు అమ్మవచ్చు. అతని మాదకద్రవ్యాల కేసును ఏ పోలీసు విభాగం పెట్టిందో తనిఖీ అధికారి వెతుకుతుండగానే గడువు ముగిసింది. 2022లో టెక్సాస్‌లోని యువాల్డీ పాఠశాల ఊచకోత తర్వాత చేసిన చట్టం 21 ఏళ్ల లోపువాళ్లకు ఈ గడువును పది పనిదినాల దాకా పెంచింది. పైవయసువాళ్లకు మూడే.

2019 ఆగస్టులో టెక్సాస్‌లోని ఒడెస్సాలో ఏడుగుర్ని చంపినవాడు దుకాణం తనిఖీలో ఓడిపోయాడు. అంటే తనిఖీ పనిచేసింది. తర్వాత ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర కొన్నాడు. ప్రైవేటు అమ్మకానికి ఫెడరల్ చట్టం తనిఖీ అడగదు. లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేసినందుకు అమ్మినవాడికి రెండేళ్ల జైలు పడింది. ఈ కంత పూడ్చే బిల్లు 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో 60 ఓట్లు కావలసి ఉండగా 54 దగ్గర ఆగింది.

నాలుగోది మన తెలుగువాళ్ల ఇళ్లను తాకింది. 2023 మే 6న డల్లాస్ ఉత్తరాన అలెన్ పట్టణంలోని మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో తెలంగాణ నుంచి వెళ్లిన యువ ఇంజినీరు ఒకరు. హంతకుడు తెచ్చిన ఎనిమిది తుపాకులూ చట్టబద్ధంగా సంపాదించినవేనని టెక్సాస్ పోలీసులు చెప్పారు. 2008లో సైన్యం అతన్ని ప్రాథమిక శిక్షణ పూర్తికాకుండానే పంపేసింది, కానీ అలా పంపేయడం తుపాకీ నిషేధానికి కారణం కాదు. కోర్టు ఉత్తర్వుతోనో, ఆసుపత్రిలో బలవంతపు చేరికతోనో తేలితే తప్ప మానసిక స్థితి నిక్స్‌కు కనిపించదు. ఇలాంటి చోట పనికొచ్చే సాధనం రెడ్ ఫ్లాగ్ చట్టం: కుటుంబమో పోలీసులో కోర్టును అడిగి తాత్కాలికంగా తుపాకులు తీయించడం. ఫ్లోరిడా 2018లో పార్క్‌లాండ్ పాఠశాల కాల్పుల తర్వాత దాన్ని తెచ్చింది. టెక్సాస్‌లో లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంటుంది. స్నేహితుడితో షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకున్నా ఈ నిబంధన కిందికి రావచ్చు. 2022 చట్టం తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. భయంతో ఆత్మరక్షణకు కొందామనుకునేవాళ్లు ముందు తమ హోదా, తర్వాత రాష్ట్ర చట్టం చూసుకోవాలి.

ఇంట్లో తుపాకీ ఉంచేవాళ్ల బాధ్యత కూడా మారుతోంది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021లో నలుగురు విద్యార్థులను చంపిన కుర్రాడి తల్లిదండ్రులిద్దరికీ 2024లో పది నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. కొడుకు మనసు బాగాలేదని సూచనలున్నా తుపాకీని అందకుండా పెట్టలేదన్నది అభియోగం. కాల్పులు ఆపాల్సిన పోలీసుల బాధ్యత సంగతి ఇంకా తేలాలి. పార్క్‌లాండ్‌లో భవనంలోకి వెళ్లని పాఠశాల పోలీసు అధికారిని 2023లో జ్యూరీ నిర్దోషి అంది.

ఈ చర్చంతా సామూహిక కాల్పుల చుట్టూ తిరిగినా, 2023లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన 46,728 ప్రాణాల్లో 27,300 ఆత్మహత్యలు. తాళం వేసిన పెట్టె, కొనడానికీ చేతికి రావడానికీ మధ్య కొన్ని రోజుల విరామం ఆ పెద్ద సంఖ్య మీద పనిచేసే సాధనాలు. అవి సామూహిక హంతకుణ్ణి ఆపకపోతే పనికిరావని కొట్టిపారేయడం తప్పు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు మొదటి రెండు మూడు రోజులు ఉద్దేశం గురించి వచ్చే కథనాలకన్నా తుపాకీ జాడ గురించి వచ్చే చిన్న వార్త కోసం చూడండి. పశ్చిమ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో, తుపాకులను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ కేంద్రం సీరియల్ నంబరు పట్టుకుని తయారీదారుకు, అక్కణ్ణుంచి టోకు వ్యాపారికి, ఆపై దుకాణానికి ఫోన్లు చేస్తుంది. యజమానుల జాబితా ప్రభుత్వం పెట్టుకోకూడదని 1986 చట్టం నిషేధించింది. అనుమతించిన తనిఖీల వివరాలు 24 గంటల్లో చెరిపేయాలి. కాబట్టి ఆధారం దుకాణంలో దాచిన 4473 ఫారమే. పెద్ద ఘటనల్లో ఒక్క రోజులో పేరు దొరుకుతుంది. ఆ పేరు మొదట కొన్నవాడిది మాత్రమే. అదే హంతకుడి పేరైతే తర్వాతి ప్రశ్న తనిఖీ గురించి, రికార్డు గురించి. వేరే పేరైతే, ఆ తుపాకీ అక్కణ్ణుంచి ఎన్ని చేతులు మారిందో పరిశోధకులు మనిషి తర్వాత మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే, కాగితం మీద ఎక్కడా ఉండదు.